మూడు గళ్లలో సముద్రం



గంజాం తీరంలోని మన తెలుగు పిల్లలలో పలువురు జాలరి కుటుంబాలవారు. పోటు, పాటు, వాయుగుండం, ఉప్పెన అన్న మాటలు వారికి అక్షరాలకంటె ముందే తెలుసు. అయినను తెలుగు ఇంటి వరకేనని, శాస్త్రం చదువుటకు వేరొక భాష కావలెనని వారి తల్లిదండ్రులు నమ్ముతున్నారు. మన బడులకు పిల్లలు తగ్గుటకు ఆ నమ్మకమూ ఒక కారణమే. దానికి సమాధానంగా నేను చెప్పే పాఠమొకటి మీ ముందుంచుతున్నాను.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ సమీపంలో తీరం దాటింది. లక్షలాది జనులను ముందుగానే తరలించినందున ప్రాణనష్టం చాలావరకు తప్పింది. తుఫానుకు బలమిచ్చేది వెచ్చని నీరు. పైనీరు వెచ్చగా ఉంటే చాలదు. ఆ వెచ్చదనం ఎంత లోతు వరకున్నదో తెలియాలి.

నల్లబల్లపై ఒకదాని కింద ఒకటిగా మూడు గళ్లు గీస్తాను. సమాన మందం గల మూడు నీటి పొరలు: 30, 28, 26 డిగ్రీలు. గాలి పై రెండింటిని కలిపితే 29; మూడింటిని కలిపితే 28. అనగా నీరు కలిసిన కొద్దీ పైభాగం చల్లబడి తుఫానుకు మేత తగ్గుతుంది. అయితే వర్షాకాలం పిదప గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు బంగాళాఖాతంలో ఉప్పునీటిపై తేలియాడుతుంది. తేలికైన ఆ పొర కిందినీటితో సులభంగా కలవదు. కావున పైనీరు తొందరగా చల్లబడదు. వేడిమితోపాటు ఉప్పదనాన్నీ లెక్కలో చేర్చక తప్పదని పిల్లలే గ్రహిస్తారు.

హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఇదే లెక్కను ఎంతో విస్తారంగా చేస్తుంది. సముద్రాన్ని లెక్కలేనన్ని గళ్లుగా, పొరలుగా విభజించి, ప్రతి గడిలోని వేడిమిని, లవణీయతను, ప్రవాహాన్ని గాలి, ఎండ, వాన ఎట్లు మార్చునో కంప్యూటర్లపై చిన్న చిన్న కాలపు అంగలతో గణిస్తారు. ఆర్గో పరికరాలు సుమారు పది రోజులకొకమారు 2000 మీటర్ల లోతు నుండి పైకి వస్తూ తీసిన కొలతలను ఉపగ్రహాల ద్వారా పంపుతాయి. లెక్కకూ కొలతకూ తేడా వచ్చినచోట సరిదిద్ది, మరల ముందుకు సాగుతారు.

ఆ సంస్థ మత్స్యకారులకిచ్చే సూచనలు తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో వెలువడుతున్నాయి. అయితే చదవగలిగినంత మాత్రాన చాలదు. నిన్నటి అంచనా నేడెందుకు మారినదో ఎరిగినవాడే, సముద్రం ప్రశాంతంగా కనబడుతున్న ఉదయాన కూడా, హెచ్చరికను మన్నించి పడవను ఒడ్డునే ఉంచుతాడు. ఆ ఎరుక తల్లిభాషలో కలిగితే గట్టిగా నిలుస్తుంది.

మీరు యానాంలో బోధిస్తుంటే, మీ గుమ్మం ముందు పారే గోదావరి నుండే ఈ పాఠం ఆరంభించవచ్చు. కావలసినది సుద్దముక్క, మూడు గళ్లు, కూడిక, భాగహారం. చెప్పి చూడండి, పిల్లలు ఏమడిగారో నాకు తెలియజేయండి.