చేతికివ్వడానికి లేని ఆట

దసరా సెలవులకి గుంటూరు నుంచి మా చెల్లెలు కొడుకుని తీసుకుని వచ్చింది. ఉన్న మూడు రోజులూ అన్నదమ్ములిద్దరూ టీవీ ముందు నుంచి లేస్తే ఒట్టు. ఏదో కొత్త వీడియో గేమ్. వెళ్లేరోజు వాడు చెప్పులు వేసుకుంటూ, "అన్నయ్యా, ఈ గేమ్ నాకివ్వవా? సంక్రాంతికి తెచ్చిచ్చేస్తా" అన్నాడు. మావాడు "కుదరదురా" అనేశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలేమో "పోన్లే అక్కా, ఖరీదైంది కదా" అంది. ఆ మాటే గుచ్చుకుంది. చిన్నప్పుడు ఒకే పట్టు పరికిణీ పండక్కొకరం కట్టుకున్నవాళ్లం మేము. ఆటో సందు మలుపు తిరగగానే మావాణ్ణి దులిపేశాను.

"ఇవ్వడానికి ఏముందమ్మా? డిస్కా, డబ్బానా? అది నా అకౌంట్‌లో ఉంది. పాస్‌వర్డ్ ఇవ్వాలి. అందులో నాన్న కార్డుంది" అన్నాడు వాడు కళ్లనీళ్లు పెట్టుకుని.

"4,999 పోసి కొన్నాం కదరా?"

"ఆడుకోడానికి పర్మిషన్ కొన్నామమ్మా."

ఆ డబ్బు నేను చీటీ పాడి దాచుకున్నది. ఇంటర్ ఫస్టియర్‌లో మార్కులు బాగా వచ్చాయని ఇచ్చాను. వారం తర్వాత చెల్లెలు ఫోన్ చేసి, అదే గేమ్ డిస్కు వాళ్ల ఊళ్లో షాపులో 3,200కి కొన్నామని చెప్పింది. ఆడేశాక తెచ్చిస్తే 2,000 వెనక్కిస్తానన్నాడట షాపతను. అంటే వాళ్లకి పడింది 1,200. మాకు 4,999, తిరిగొచ్చేది సున్నా.

డిస్కు లేదు, డబ్బా లేదు, లారీ కిరాయి లేదు, షాపు అద్దె లేదు. మరి తోటలో కోసుకున్న కూర బజారు కంటే ఎక్కువేమిటి? మావాణ్ణి కూచోబెట్టి అడిగితే తెలిసింది. షాపులవాళ్లు ఒకరి మీద ఒకరు పోటీ. తెచ్చిన సరుకు మిగిలిపోతే తగ్గించి అమ్మేయాలి. మా మిషన్‌లో ఉన్నది ఒకటే కొట్టు, అదీ ఆ మిషన్ కంపెనీదే. ఎదురు వీధిలో అడిగొస్తానని బెదిరించడానికి లేదు. అక్కడ సరుకు మిగలదు, పాతబడదు. పైగా అమ్మిన ప్రతి గేమ్ మీదా ఆ కొట్టుకి కమీషన్ ఉంటుంది, చాలాచోట్ల వందకి 30.

ఇందులో నా తప్పూ ఉంది. మిషన్ కొన్నప్పుడు డిస్కు పెట్టేది వద్దని, పదివేలు తక్కువకి వస్తోందని డిస్కు లేనిది కొనిపించింది నేనే. మావారు ఇప్పటికీ ఏమీ అనలేదు. అనకపోవడమే బాధ.

నేను బీఏ చదివేటప్పుడు పుస్తకాలన్నీ విజయవాడ లెనిన్ సెంటర్‌లో సగం ధరకి కొన్నవే. పరీక్షలయ్యాక మళ్లీ అక్కడే అమ్మేదాన్ని. కొన్నది నాదనే ధైర్యంతోనే కదా అమ్మింది! కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకొచ్చింది. ఇలాంటి డిజిటల్ సరుకుని "కొనండి" అని అమ్మాలంటే, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలట. మాకెవరూ చెప్పలేదు.

డౌన్‌లోడ్‌లో సుఖం లేదని కాదు. గీతలు పడవు, పోవు, సేల్ పెట్టినప్పుడు సగానికీ దొరుకుతాయి. డిస్కు ఉన్నంత మాత్రాన భద్రమనీ కాదు. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేస్తే, డిస్కులున్నవాళ్లకీ ఆట పోయింది. ఇది విన్నాక నాకు కాస్త ఊరట కలిగిందంటే నవ్వుకోకండి.

చెల్లెలికి ఫోన్‌లో అంతా విడమరిచి చెప్పాను. "నేనేమీ అనుకోలేదే" అంది. అనుకుంది, నాకు తెలుసు. సంక్రాంతికి ఆ డిస్కు, వాళ్ల మిషన్ రెండూ పట్టుకుని వస్తామన్నారు.

మావాడికి ఇప్పుడింకో గేమ్ కావాలి. సేల్ వచ్చేదాకా ఆగమన్నాను, సరేనన్నాడు. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీద వారం వారం దాని ధర కూడా రాస్తున్నాను. మొన్న గురువారానికి 4,999, అంగుళం కదల్లేదు.