అంబాసిడర్ తోబుట్టువు

కశ్మీరీ గేట్ మోటారు విడిభాగాల బజారులో ఒక శీతాకాలపు ఉదయం, పదవీ విరమణ పొందిన ఒక తెలుగు అధికారి చేతిరుమాలులో చుట్టి తెచ్చిన పెట్టెను దుకాణం బల్ల మీద ఉంచాడు. అది పిడికిలికి కాస్త పెద్దది. నల్లని బేకలైటు మూత, కింద వరుసగా ఐదు మొనలు: ఏ, ఏ-1, ఎఫ్, డీ, ఈ. దుకాణదారు మూత అయినా విప్పకుండానే చెప్పాడు: "అంబాసిడర్ కటౌట్ సాబ్. మన దేశపు సరుకే ఉంది, అదే పెట్టుకోండి."

ఆ మాట ఆ పెద్దమనిషికి కొత్తది కాదు. ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలలో, ఉద్యోగ్ భవన్‌లో దిగుమతి లైసెన్సుల దరఖాస్తులు చూసే గుమాస్తాగా, ఆయన స్వయంగా ఎన్నో ఫైళ్ళ మీద ఆ అర్థమే వచ్చే వాక్యం రాశాడు: దేశీయంగా లభ్యం, కనుక అనుమతి అవసరం లేదు.

ఆయనకు కావలసినది అంబాసిడర్ భాగం కాదు. 1958 నాటి ఎమ్‌జీఏ అనే రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు చెందినది. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 వరకు లక్షకు పైగా తయారైన ఈ కార్లలో అత్యధికం ఎగుమతికే పోయాయి. ఆ కాలంలో ఢిల్లీకి ఇలాంటి వాహనాలు ఎక్కువగా విదేశీ దౌత్యాధికారుల వెంట వచ్చేవి. వారు వెళ్ళిపోయేటప్పుడు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా ఇక్కడివారి చేతికి చేరేవి. ఈ కారు అలాగే ఆయన పై అధికారికి దక్కింది. ఆ అధికారి పోయాక ఆయన భార్య తాళాలు ఇస్తూ ఒకే షరతు పెట్టింది: "తుక్కు కింద అమ్మవద్దు. ఒక్కసారైనా మా గుమ్మం ముందుకు నడిపించుకుని రండి."

దుకాణదారు మాటలో అబద్ధం లేదు. ఎమ్‌జీఏ తొలి నమూనాలోని 1489 సీసీ ఇంజను, అంబాసిడర్ దశాబ్దాల పాటు మోసిన ఇంజను ఒకే కుటుంబానివి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ సంతానం. ఎర్రబుగ్గ పెట్టుకుని రైసీనా కొండ ఎక్కిన తెల్లని కారూ, సముద్ర తీరాల వెంట విహారానికి పుట్టిన ఈ కారూ తోబుట్టువులు. రెంటి విద్యుత్ పరికరాలకూ మూలం బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ సంస్థ. 1961లో ఆ సంస్థ టీవీఎస్‌తో కలిసి మద్రాసులో లూకాస్-టీవీఎస్‌ను స్థాపించింది. అందువల్ల ఢిల్లీ మెకానిక్కుకు బ్రిటిష్ కారు ఏదైనా పరాయిది కాలేదు.

చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. ఎమ్‌జీఏలోని లూకాస్ సీ-39 డైనమో గరిష్ఠంగా 19 ఆంపియర్లు ఇస్తుంది. దాని తరువాత వచ్చిన సీ-40 ఇచ్చేది 22. కంటికి రెండూ దాదాపు ఒకటే. రెగ్యులేటరులోని ఒక తీగచుట్ట డైనమోను బ్యాటరీతో కలుపుతుంది, ఇంజను మందగించినప్పుడు విడదీస్తుంది. రెండవది డైనమో తన శక్తికి మించి పనిచేయకుండా పట్టి ఉంచుతుంది. 22కు అమర్చిన రెగ్యులేటరును 19 డైనమోకు తగిలిస్తే కారు ఆ రోజుకు నడుస్తుంది. రాత్రి దీపాలన్నీ వేసి కొంతకాలం తిరిగాక డైనమో వేడెక్కి లోపలి టంకం కరిగిపోతుంది. ఈ కారులో జరిగింది అదే.

ఆయన కారును భాగాలుగా విప్పిన కొద్దీ ఇలాంటి సర్దుబాట్లు బయటపడ్డాయి. లూకాస్ తన పరికరాల మీద నమూనా పేరు, సంఖ్య, తయారైన నెల, సంవత్సరం గుద్దేది. డిస్ట్రిబ్యూటరు మీది సంవత్సరం కారు వయసుతో సరిపోలేదు. అది సెడాన్‌ది, వేగం పెరిగే కొద్దీ నిప్పురవ్వను ముందుకు జరిపే దాని స్ప్రింగుల లెక్క వేరు. ఈ కారుకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ధన ధ్రువం కారు శరీరానికి కలుస్తుంది. ఎవరో కొత్త కాయిల్‌ను నేటి పద్ధతిలో తగిలించారు. ఇంజను పనిచేస్తూనే ఉంది, నిప్పురవ్వ మాత్రం నీరసించింది. తీగలకు లూకాస్ నిర్ణయించిన రంగులు ఉండేవి: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ, ఇగ్నిషన్‌ది తెలుపు, ఫ్యూజు దాటినది ఆకుపచ్చ, హెడ్‌లైట్లది నీలం, ఎర్త్ నలుపు. సగం చోట్ల వాటి స్థానంలో ఒకే ఎర్ర తీగ కనిపించింది.

దీన్ని మెకానిక్కుల అజ్ఞానంగా భావించడం అన్యాయం. విదేశీ మారకం కరువైన రోజులలో, 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం లైసెన్సుల గొలుసు తెంచేవరకు, విలాసపు కారు విడిభాగానికి డాలర్లు కేటాయించమనడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. ఉన్నదానితో నడిపించినవాడే ఉస్తాదు. ఆ సర్దుబాటుకు కారణమైన నోట్‌షీట్లు రాసినవారిలో కారు యజమాని ఒకడు, ఆయన కింద పనిచేసిన ఈ పెద్దమనిషి మరొకడు.

నేటి చట్టం వేరే ప్రశ్నలు వేస్తుంది. రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నియమాలు యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు వింటేజ్ హోదా కల్పించాయి. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. చాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చకూడదన్నది షరతు. డైనమో రెగ్యులేటరు ఊసు అందులో లేదు. తప్పు భాగం పెట్టినా నంబరు పలక వస్తుంది. అంటే సరైనదేదో తేల్చుకునే బాధ్యత పూర్తిగా ఆయనదే.

ఆ బజారు వెనుక సందులో ఒక ముసలి మెకానిక్కు చెక్కపెట్టె బోర్లించి, దుమ్ములోంచి ఒక రెగ్యులేటరు ఏరి ఇచ్చాడు. మీద 1961 ముద్ర ఉంది. కారుకన్నా మూడేళ్ళు చిన్నది. కానీ 19 ఆంపియర్లది. "తేదీ కలవలేదు సాబ్, పని కలుస్తుంది," అన్నాడు. అధికారి చాలాసేపు ఆలోచించి దాన్నే తీసుకున్నాడు. కారు కాగితాల కట్టలో ఏ భాగం అసలుది, ఏది మారినది, ఎందుకు మారింది అన్నది స్వయంగా ఒక నోటు రాసి పెట్టాడు.

నంబరు పలక వచ్చాక ఒక ఆదివారం ఆయన ఆ ఇంటి గుమ్మం ముందు కారు ఆపాడు. పెద్దావిడ మెల్లగా పక్క సీటులో కూర్చుంది. ఇంజను వేగం పెంచగానే డయల్ మీది ఎర్రని హెచ్చరిక దీపం ఆరిపోయింది. "ఏదో పాడైనట్టుందండీ," అంది ఆమె కంగారుగా.

"లేదమ్మా," అన్నాడాయన. "అది ఆరితేనే అంతా సరిగా ఉన్నట్టు."