ఈకల ఈగ... ట్రౌట్ వేట!

వెదురు కర్రకో దారం, దారానికి జీలుగు బెండు, చివర వానపాము గుచ్చిన గాలం... చెరువు గట్టున కూర్చుని బెండు వంక చూస్తూ ఉండాలి. అది బుడుంగున మునిగిందంటే చేప పడ్డట్టే. గాలం వేట అంటే మనకు తెలిసింది ఇదే. హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాలో, తీర్థన్ నది ఒడ్డున ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లను చూస్తే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్ల దారానికి బెండు ఉండదు, బరువు కోసం సీసపు గుండు ఉండదు, వానపామూ ఉండదు. చిన్న గాలానికి ఈకముక్కలు, కాస్త బొచ్చు పెట్టి దారం చుట్టిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది. ఉఫ్‌మని ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాంతోనే బ్రౌన్ ట్రౌట్‌ని పట్టాలి. ఆ చేపకేమో చూపు ఎక్కువ, అనుమానం అంతకన్నా ఎక్కువ!

అయినా సరే, మార్చి వచ్చిందంటే రాడ్లు సర్దుకుని బయల్దేరే సరదారాయుళ్లకు కొదవ లేదు. మంచు కరిగిన నీళ్లలో మోకాళ్ల లోతున గంటలకొద్దీ నిలబడతారు. సాయంత్రానికి ఒక్క చేపా చిక్కకపోయినా మర్నాడు పొద్దున్నే మళ్లీ అక్కడే కనిపిస్తారు. ఏమిటా చేప గొప్పతనం?

ఓడెక్కి వచ్చింది

ట్రౌట్ మన దేశపు చేప కాదు. ఐరోపా చల్లటి నదుల్లో పుట్టి పెరిగేది. ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో దీన్ని గాలంతో పట్టడం అలవాటైన తెల్లవాళ్లకు హిమాలయాల్లోని ఏళ్లు చూడగానే సొంతూరు గుర్తొచ్చిందట. కశ్మీర్‌ను మహారాజా ప్రతాప్‌సింగ్ ఏలుతున్న రోజుల్లో, 1899లో, ట్రౌట్ గుడ్లను ఓడలో మనదేశానికి పంపించారు. అవి దారిలోనే పాడైపోయాయి. మరుసటి ఏడాది ఇంకోసారి తెప్పించారు. ఈసారి గుడ్లు బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల కార్ఖానా నడిపే ఫ్రాంక్ మిచెల్ అనే ఆయన దగ్గరుండి వాటిని పిల్లలు చేయించాడు. అక్కడినుంచి 1909లో కులూ లోయకు తెచ్చి బియాస్ పరీవాహక ప్రాంతంలో పెంచడం మొదలుపెట్టారు. ఆ సంతతే తీర్థన్‌లోనూ స్థిరపడింది.

మన పులసలాగే ట్రౌట్‌కీ పట్టింపులున్నాయి. పులస గోదావరికి ఎదురీది వచ్చినట్టే, ఇదీ గుడ్లు పెట్టేటప్పుడు ఏటికి ఎదురెక్కుతుంది. చలికాలంలో ఆడచేప తోకతో గులకరాళ్లను తోసి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లతో కప్పేస్తుంది. నీళ్లు చల్లగా ఉండాలి, ప్రాణవాయువు పుష్కలంగా ఉండాలి. ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దీనికి ఇబ్బంది మొదలవుతుంది. కృష్ణా, గోదావరుల్లో ట్రౌట్ లేనిది అందుకే. మనకు దక్షిణాదిన నీలగిరులు, మున్నార్ కొండల్లాంటి ఎత్తయిన చల్లటి చోట్లకే అది పరిమితం. అక్కడుండేది దీని బంధువైన రెయిన్‌బో ట్రౌట్.

మైదానంలో మొదటి పాఠం

మామూలు గాలం వేటలో ఎర బరువో, గుండు బరువో దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అంతా తారుమారు. ఈగకు బరువు లేదు కాబట్టి, దారమే బరువుగా ఉండి ఈగను మోసుకెళ్లాలి. అందుకే ఈ దారం లావుగా, పూత పూసి ఉంటుంది. చివర మాత్రం చేపకు కనిపించకుండా సన్నటి పారదర్శకమైన పోగు కడతారు. రాడ్ సుమారు తొమ్మిది అడుగులుంటుంది.

కొత్తవాళ్లను నేరుగా నీళ్లలో దింపరు. ముందు పచ్చికలో సాధన. ఈగకు బదులు చిన్న ఊలు ముక్క కడతారు. పక్కనుంచి చూసేవారికి గడియారం ముల్లులా రాడ్ పది గంటలకూ రెండు గంటలకూ మధ్య ఊగాలి. రాడ్‌ని వెనక్కి తెచ్చి, ఆగాలి. వెనకాల దారం గాల్లో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. అందరూ తప్పేది ఈ ఆగడం దగ్గరే. తొందరపడితే దారం కొరడాలా ఛెళ్లుమంటుంది, ఈగ తెగి ఎక్కడో పడుతుంది. బలం పెట్టినకొద్దీ దారం కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. కండలున్న కుర్రాళ్లకన్నా నిదానస్తులకు ఈ విద్య త్వరగా అబ్బేది ఇందుకే.

పచ్చికలో వచ్చిన విద్య ఏట్లో సగం మరిచిపోతారు. వెనక చెట్టు కొమ్మలు ఈగను పట్టుకుంటాయి. ముందు ప్రవాహం దారాన్ని లాగేస్తుంది. దారం లాగితే ఈగ నీటి వేగానికి విరుద్ధంగా జరుగుతుంది. నిజం ఈగ అలా పోదని ట్రౌట్‌కి తెలుసు, ముట్టుకోదు. అందుకే దారాన్ని ఎప్పటికప్పుడు ఎగువకు తిప్పి వేస్తూ ఈగను నీటితోపాటే పోనివ్వాలి. అంతా కుదిరి చేప నోరు తెరిచినా, ఉత్తుత్తి ఈగని గ్రహించి క్షణంలో ఉమ్మేస్తుంది. ఆలోపే రాడ్ ఎత్తాలి!

ఏరు చదవడం రావాలి

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది. ఆహారం నీళ్లతో కొట్టుకొచ్చి నోటి ముందుకు చేరాలి మరి. వడిలో ఈదితే అలసట కాబట్టి పెద్ద బండ వెనకో, వడి నీరూ నిదానపు నీరూ కలిసే అంచునో కాచుకుంటుంది. వేటగాడు దిగువనుంచి, దాని వెనకవైపునుంచి, మెత్తగా అడుగులేస్తూ వెళ్లాలి. నీడ పడినా, రాయి దొర్లినా పారిపోతుంది.

ఏ ఈగ కట్టాలన్నది ఇంకో చిక్కు. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఏట్లో ఓ రాయి తీసి తిరగేసి చూస్తారు. దాని అడుగున మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్ పురుగుల పిల్లలు అంటిపెట్టుకుని ఉంటాయి. ఇవి నీళ్లలోనే నెలలకొద్దీ పెరిగి, రెక్కలొచ్చాక పైకెగురుతాయి. రెక్కల మేఫ్లై బతికేది ఒకట్రెండు రోజులే. ట్రౌట్ ఆ రోజు ఏ పురుగును ఏ దశలో తింటోందో కనిపెట్టి, అలాంటి ఈగనే కట్టాలి. స్టోన్‌ఫ్లై పిల్లలు మురికి నీళ్లలో బతకలేవు. రాయి కింద అవి కనిపించాయంటే ఏరు శుభ్రంగా ఉన్నట్టే. అలా చేప మీద సరదాతో వచ్చినవాళ్లు తెలియకుండానే ఏటి ఆరోగ్యం చూడటం నేర్చేసుకుంటారు.

చేప కాపాడిన నది

తీర్థన్‌కు ఆ ఆరోగ్యం ఊరికే రాలేదు. ఈ నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచుకొండల్లో పుట్టి, గుషైనీ, బంజార్‌ల మీదుగా లార్జీ దగ్గర బియాస్‌ను చేరుతుంది. ఆ పార్కుకు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అయితే పార్కు దాటాక నదికి ఆ రక్షణ లేదు. 2000 తర్వాత దీని పరీవాహకంలో తొమ్మిది జలవిద్యుత్ ప్రాజెక్టులు కట్టాలన్నారు. ఏటిని సొరంగాల్లోకి మళ్లిస్తే మధ్యలో మిగిలేది ఎండు రాళ్లే. బంజార్ మాజీ ఎమ్మెల్యే దిలారామ్ షబాబ్, లోయ ప్రజలు ఎదురుతిరిగారు. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్లింది. చివరికి ఆ ప్రాజెక్టులు రద్దయ్యాయి. ‘ఇది ట్రౌట్ నది’ అన్నది వారి వాదనలో బలమైన మాట.

దీని విలువ తెలియాలంటే పక్కనే ఉన్న సైంజ్ లోయను చూడాలి. ఆ నది కూడా ఇదే పార్కులో పుట్టి లార్జీకే వస్తుంది. దానిమీద 520 మెగావాట్ల పార్వతి-3, 100 మెగావాట్ల సైంజ్ జలవిద్యుత్ కేంద్రాలు వెలిశాయి. కరెంటూ కావాల్సిందే. కానీ కట్టని నది కూడా ఒకటి ఉండాలని తీర్థన్ జనం పట్టుబట్టారు. ఇవాళ ఆ ఒడ్డున ఇళ్లలో అతిథులకు గదులిచ్చేవారికీ, గైడ్లకూ, ట్రౌట్ పెంచేవారికీ ఆ పారే నీళ్లే జీవనాధారం.

ముప్పు పూర్తిగా తప్పిందనీ కాదు. 2023 జులైలో కులూ జిల్లాను ముంచెత్తిన వరదలు కొండ ఏళ్లు ఎంత విరుచుకుపడగలవో చూపించాయి. ఇంకో సంగతి... ఈ నీళ్లకు అసలు హక్కుదారు వేరే ఉంది. స్థానికులు గుగ్లి అని పిలిచే స్నో ట్రౌట్. పేరులో ట్రౌట్ ఉన్నా అది మన బొచ్చె, రోహుల వంశానిదే. విదేశీ ట్రౌట్ దాని తిండికీ చోటుకూ పోటీకొచ్చింది, దాని పిల్లల్నీ తింటుంది. గుగ్లి ఇప్పుడు ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. నదిని నిలబెట్టిన అతిథే ఇంటిచేపకు బరువవడం తీర్థన్ కథలో తేలని ముడి. ట్రౌట్ ప్రియులు గుగ్లి పడితే వెంటనే వదిలేయడం దానికి చేయగల చిన్న సాయం.

వెళ్లాలంటే...

ఢిల్లీ నుంచి మనాలి వైపు వెళ్లే బస్సెక్కి ఔట్ దగ్గర దిగితే, అక్కడినుంచి బంజార్ మీదుగా గుషైనీకి బస్సులూ ట్యాక్సీలూ దొరుకుతాయి. గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేట నిషేధం. మార్చి, ఏప్రిల్ నెలలూ, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరూ మంచి సమయం. వానాకాలంలో ఏరు బురదగా, ప్రమాదకరంగా ఉంటుంది. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. వలలు వేయకూడదు, రాడ్‌తోనే పట్టాలి. నేషనల్ పార్కు లోపలికి వెళ్లడానికి వేరే అనుమతి కావాలి.

చిక్కిన చేపను వదిలేయాలనుకుంటే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేతులు తగిలితే దాని ఒంటిమీది జిగురు పొర పోయి జబ్బుపడుతుంది. ముల్లు లేని గాలం వాడితే సులువుగా ఊడొస్తుంది. చేపను నీళ్లలోనే, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని ఉంటే కాసేపటికి మొప్పలు ఆడిస్తూ తేరుకుంటుంది. అప్పుడు చెయ్యి వదులు చేస్తే చాలు... తోక ఒక్కసారి విదిలించి, మళ్లీ తన బండ వెనక్కి వెళ్లిపోతుంది.