బాల్మొరే: ఎడారిలో ఊరే నీరు

ఆస్టిన్ నుంచి పడమటికి బయలుదేరితే జంక్షన్ ఊరు దాటేదాకా ఓక్ చెట్లు, వాగులు తోడుంటాయి. ఓజోనా వచ్చేసరికి పచ్చదనం పలచబడుతుంది. ఫోర్ట్ స్టాక్టన్ కూడా దాటాక ఇక మిగిలేది బూడిదరంగు నేల, దూరంగా బల్లపరుపు గుట్టలు, దారికి రెండు పక్కలా మెస్కీట్ పొదలు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. నంద్యాల నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మ కారు కిటికీలోంచి దాన్ని చూడగానే గుర్తుపట్టింది. "ఈ తుమ్మ మొలిచిన కాడ నీళ్ళుండవు నాయనా. ఈతకని ఈ దిక్కుకు తోలుకొస్తివే!" అంది.

అమ్మ సందేహం సబబైనదే. పశ్చిమ టెక్సాస్‌లో ఈ ప్రాంతమంతా చివావా ఎడారి అంచు. అయినా ఐ-10 రహదారి దిగి, బాల్మొరే అనే చిన్న ఊరు దాటి నాలుగైదు మైళ్ళు పోతే, డేవిస్ పర్వతాల పాదాల దగ్గర ఉన్నట్టుండి పొడవాటి కాటన్‌వుడ్ చెట్లు, రోడ్డు పక్కన నిండుగా పారే కాలువ కనిపిస్తాయి. అదే బాల్మొరే స్టేట్ పార్కు. అక్కడి ఊట పేరు శాన్ సాలమన్.

మేం వెళ్ళింది అక్టోబరులో. వేసవిలో, ముఖ్యంగా శని ఆదివారాల్లో, లోపలికి వదిలే జనానికి పరిమితి ఉంటుంది. ముందుగా ఆన్‌లైన్‌లో పాసు తీసుకోకుండా అంతదూరం పోవడం మంచిది కాదు. గుడారం చోటుకూ అంతే. క్యాంపు స్థలంలో నీటి కొళాయి, కరెంటు, బల్ల ఉంటాయి. కొన్ని చోట్ల నీడకు పైకప్పు కూడా ఉంది. నేల మాత్రం సున్నపురాయి కలిసిన గట్టి నేల. గుడారం మేకులు సుత్తి లేకుండా దిగవు. సాయంత్రమైతే కొండల మీంచి గాలి దిగుతుంది కాబట్టి మేకులన్నీ గట్టిగా దిగ్గొట్టాల్సిందే. గుడారం నిలబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిని, ఊటనీటితో నిండిన చెరువులాంటి ఈతకొలను దగ్గరికి నడిచాం.

కొలను విస్తీర్ణం 1.3 ఎకరాలు, లోతు 25 అడుగుల దాకా. ఊటనీటితో నిండే ఈతకొలనుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దీనికి పేరు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, గట్టు మీద నిలబడితే అడుగున ఈదుతున్న స్కూబా డైవర్ల చేతుల కదలిక కూడా తెలుస్తోంది. ఏ కాలంలోనైనా నీటి వేడి 22 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. ఎండలో దిగితే చల్లగా, తెల్లవారుజామున దిగితే గోరువెచ్చగా అనిపిస్తుంది. లైఫ్‌గార్డులు ఉండరు కాబట్టి పిల్లల బాధ్యత మనదే. మా పాపకు లైఫ్ జాకెట్ తొడిగి నీళ్ళలోకి దించాను.

కళ్ళద్దాలు పెట్టుకుని నేను లోతు వైపు ఈదాను. అడుగున గుండ్రాళ్ళు, వాటి మీద పచ్చటి నాచు. ఒకచోట మాత్రం తెల్లటి ఇసుక కుతకుత ఉడుకుతున్నట్టు పైకి లేస్తూ, పరుచుకుంటూ, మళ్ళీ లేస్తోంది. నీరు నేలను తోసుకుని బయటికొచ్చే చోటు అది. ఒడ్డుకు తిరిగొచ్చి చూస్తే అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళున్న మెట్ల మీద కూర్చుని ఉంది. టెట్రా అనే వెండిరంగు చేపలు ఆమె పాదాలను పొడిచి చూస్తున్నాయి. ఆ పక్కనే వేలెడంత కూడా లేని మరో చేప ఒక గులకరాయి చుట్టూ తిరుగుతూ, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరిమేస్తోంది. దాని పేరు కమాంచీ స్ప్రింగ్స్ పప్‌ఫిష్. గుడ్లు పెట్టే చోటును మగచేప అలా కాపలా కాస్తుంది. అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల జాబితాలో ఉన్న చేప అది.

అమ్మ ఊటలు ఎరుగనిది కాదు. మహానంది కోనేట్లో చిన్నప్పటి నుంచి మునిగిన మనిషి. అక్కడా ఇంతే. నల్లమల అంచున నేలలోంచి ఊరే నీరు, అడుగున నాణెం పడినా కనిపించే తేట, గుడి దాటగానే అరటితోటలకు పారకం. అందుకే ఆమె అడిగిన ప్రశ్న నేను అడగనిది. "యాడ్నుంచి వస్తాయి నాయనా ఈ నీళ్ళు? యాడికి పోతాయి?"

పోయే చోటు చూపించడం తేలిక. ఊటలోంచి రోజుకు సుమారు కోటీ యాభై లక్షల గ్యాలన్లు, అంటే అయిదున్నర కోట్లకు పైగా లీటర్లు ఊరుతాయి. కొలనులో పట్టేది 35 లక్షల గ్యాలన్లు. లెక్క వేస్తే రోజుకు నాలుగుసార్లు నీరు మారుతున్నట్టే. క్లోరిన్ అవసరం రాకపోవడానికి కారణం ఇదే. పొంగిన నీరు కాలువల్లో పడి, పప్‌ఫిష్ కోసం మళ్ళీ ఏర్పరచిన చిత్తడి నేలను తడిపి, ఆ తర్వాత పొలాలకూ బాల్మొరే చెరువుకూ చేరుతుంది. ఇక్కడి నీటిని ఒకప్పుడు మెస్కలేరో అపాచీలు వాడుకున్నారు, తర్వాత మెక్సికన్ రైతులు దానితో పంటలు పండించారు. ఆ రైతులే తమ పంటను దగ్గర్లోని ఫోర్ట్ డేవిస్ జనానికి అమ్మారు. ఇప్పుడు కనిపించే కొలను గట్టు, తెల్లటి మట్టి ఇటుకల బస గదులు 1930ల ఆర్థిక మాంద్యంలో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ యువకులు కట్టినవి. వాళ్ళకు నెలజీతం 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి పోయేవి. కొలను అడుగును చాలావరకు ఉన్నదున్నట్టే వదిలేయడం వాళ్ళు చేసిన గొప్ప పని. ఊటనోళ్ళు మూసుకుపోలేదు.

వచ్చే చోటు చెప్పడమే కష్టం. డేవిస్ పర్వతాల్లో గట్టి వాన పడితే కొన్నాళ్ళకు ఊట పెరుగుతుంది. అయితే ఏడాది పొడవునా ఊరే నీటిలో ఎక్కువ భాగం పడమట ఎన్నో మైళ్ళ దూరంలోని లోయల కింది నుంచి, సున్నపురాయి పగుళ్ళ గుండా ప్రయాణించి వస్తుందని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చారు. వేల ఏళ్ళ కిందట కురిసిన వాన అది. ఈ మాట చెప్పగానే అమ్మ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తలమీద చల్లుకుంది.

రాత్రి పదింటికల్లా క్యాంపులో మాటలు సద్దుమణగాలన్నది నియమం. చుట్టుపక్కల పెద్ద ఊరేదీ లేదు కాబట్టి పాలపుంత ఈ కొండ నుంచి ఆ కొండదాకా తెలిసింది. ఇక్కడికి గంటలోపు దూరంలోనే మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ ఉంది. జావలీనాలనే అడవిపందుల్లాంటి జంతువులు తిరుగుతాయని అన్నం గిన్నెలన్నీ కార్లోనే దాచాం. తెల్లారగానే స్టవ్ మీద ఉప్మా చేసుకుని, జనం రాకముందే మరోసారి నీళ్ళలో దిగాం.

తిరుగు ప్రయాణంలో కావాలనే ఫోర్ట్ స్టాక్టన్‌లో ఆగాం. పప్‌ఫిష్ పేరులో ఉన్న కమాంచీ ఊటలు ఇక్కడివే. ఒకప్పుడు రోజుకు మూడు కోట్ల గ్యాలన్లకు పైగా ఊరి, వేల ఎకరాలు తడిపిన ఊటలు. 1950ల నాటికి ఊరికి పడమట పెద్ద పెద్ద మోటార్లు పెట్టి భూగర్భజలం తోడటం జోరందుకుంది. ఊటల కింది రైతులు కోర్టుకెక్కారు. తన భూమి కింది నీటిని ఎంతైనా తోడుకునే హక్కు యజమానికి ఉందని 1954లో తీర్పు వచ్చింది. 1961కల్లా ఊటలు ఎండిపోయాయి. ఇప్పుడు అక్కడున్న ఈతకొలనులోకి వచ్చేది పైపు నీరు. ఆ ఊటల పేరు పెట్టుకున్న చేప అక్కడ లేదు. మేం చూసి వచ్చిన శాన్ సాలమన్, దాని చుట్టుపక్కల ఊటలే ఆ చేపకు మిగిలిన ఇల్లు.

అమ్మకు ఈ కథ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. అనంతపురం జిల్లాలో మా మేనమామల ఊళ్ళో చెలమ తవ్వితే నీళ్ళూరిన వంకలు, వందల అడుగుల బోర్లు పడ్డాక ఇసుకగా మిగలడం ఆమె చూసిందే. బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించాలని 2002లో వాల్టా చట్టం వచ్చేనాటికే ఎన్నో బావులు ఒట్టిపోయాయి.

అయితే ఫోర్ట్ స్టాక్టన్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో కొన్ని చలికాలాల్లో, పంటలకు మోటార్లు ఆపిన నెలల్లో, కమాంచీ ఊటలు మళ్ళీ కాస్త కాస్త పారుతున్నాయి. నేల కింది నీరు ఇంకా దారి మరిచిపోలేదు. తోడేవాళ్ళు కలిసి ఒక హద్దు పెట్టుకుంటే ఊట తిరిగి వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పార్కు కంచె లోపల ఎంత శుభ్రం పాటించినా శాన్ సాలమన్ బతుకు తేలేది కంచెకు ఎన్నో మైళ్ళ అవతలే. అందుకే బాల్మొరేకు వెళ్ళేవాళ్ళు కడుపునిండా ఈదండి, రాత్రి గుడారంలో పడుకోండి. పోతూనో వస్తూనో ఫోర్ట్ స్టాక్టన్‌లో ఒక గంట ఆగండి. ఆ రెండు చోట్లూ చూస్తేనే ఈ యాత్ర పూర్తయినట్టు.