అల్లుడు తెచ్చిన రెడ్ వైన్

మద్రాసులో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నామండీ, మా ఇంట్లోకి సీసా రావడం అదే మొదలు. బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడు నందిహిల్స్ తోటల షిరాజ్ తెచ్చాడు. కాదనలేక గోంగూర మాంసం పక్కన పెట్టాం. మా అమ్మ మాట్లాడకుండా కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

పోనీ వైనైనా కుదిరిందా? లేదు. ఎండ బాగా కాసే చోట ద్రాక్షకి తీపి ఎక్కువ, పులుపు తక్కువ. ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది. గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడిపోయింది. మిరపకారానికి ఆల్కహాల్ తోడై గొంతు మండింది. రెడ్ వైన్‌ని గది వేడిలోనే తాగాలన్నవాళ్ళు మే నెల మద్రాసు చూసి ఉండరు!

మిగిలిన సగానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. మర్నాడు తినడానికి కాస్త ముందు తీశాం. ఈసారి పులుపు లేకుండా, కారం తగ్గించి, మిరియాలు దంచి వేసి మటన్ వేపుడు. నేరేడుపండు లాంటి రుచి, వెనకాల సన్నటి మిరియాల ఘాటు అప్పుడు తెలిశాయి.

అమ్మ గ్లాసుల వైపు చూడలేదు. "ఆ వేపుడు ఇటు జరుపు" అంది, బల్ల దగ్గరే కూర్చుని.