ఇరుకు పెరటికి తగిన చెట్టు

ఇంగ్లండు దేశమున థేమ్సు, కెన్నెట్టు అను రెండు నదులు కలియు చోట రెడింగు అను పట్టణము కలదు. అది లండనునకు పడమరగా సుమారు 40 మైళ్లు. పూర్వము బిస్కత్తులకును, పూలవిత్తనములకును ఆ యూరు పేరెన్నిక గన్నది. 1806లో నచ్చట నెలకొల్పబడిన సట్టన్సు విత్తనముల వర్తకమునకు కలకత్తాలో గూడ శాఖ యుండెడిది. ఇప్పుడచ్చట విత్తనముల వర్తకమునకు బదులు కంప్యూటరు కంపెనీలు మెండు. వానితోపాటు మన తెలుగు కుటుంబములును మెండు. మన సరకులమ్ము అంగడికి గోంగూర కట్టలు వచ్చిన దినమున వాకిటనుండియే తెలుగు మాటలు వినవచ్చును.

మా అమ్మాయియు, అల్లుడును ఆ యూర చాలకాలముగా కాపురమున్నారు. 2021 నవంబరు మొదటి వారమున మేము దంపతులము వారి యింటికి పోయితిమి. అద్దెయిండ్లలో పదేండ్లు గడపి, ఆ యేటి వేసవియందే వారొక యిల్లు కొనిరి. ఒకదాని నొకటి యానుకొని వరుసగా కట్టిన యిండ్లలో నది యొకటి. వెనుక పెరడు 16 అడుగుల వెడల్పు, 35 అడుగుల పొడవు. ఇరుప్రక్కల పలకల కంచె, నడుమ పచ్చిక, అంతే.

“అమ్మా, ఇందులో నొక చెట్టు వేయవలెను” అని మా అమ్మాయి మేము చేరిన మరునాడే యనెను. మేమిరువురము మాటాడలేదు. మన యూర మా యింటి మేడపై నొక గదిని, వారెన్నడైన తిరిగి వత్తురని, పదేండ్లకు పైగా ఖాళీగా నుంచితిమి. పూలకుండీ కొన్నవారు దానిని విడిచి రాగలరు. చెట్టు నాటినవారి మాట వేరు. మా తలపు ఆమెకు తెలియకపోలేదు. అయినను ఆ ప్రసంగము నెవరును ఎత్తలేదు. చెట్టును గూర్చియే మాటాడుకొంటిమి.

పెరడనగానే మనకు మామిడి, జామ, కరివేప, మునగ మనసున మెదలును. ఆ చలికి అవి యేవియు నిలువవు. ఆ దేశపు చెట్లలో పెక్కులు కొమ్మలు చాచి పొరుగువారి యెండను మ్రింగును. అచ్చట ఎండ యెంత ప్రియమైనదో శీతకాలమున నొక నెల యున్న వారికిగాని తెలియదు. సరిహద్దు దాటి వచ్చిన కొమ్మను సరిహద్దు వరకు నరకుటకు పొరుగువారికి ఆ దేశపు న్యాయము ననుసరించి హక్కు కలదు; నరికిన కొమ్మ మాత్రము చెట్టు యజమానిదే. ఇట్టి చిన్న న్యాయములనుండి పెద్ద తగవులు పుట్టుట మన పల్లెలలోనే యనుకొంటిమిగాని, అచ్చటను కలదట.

మరియొక చిక్కు నేలది. మా అమ్మాయి పెరటినేల బంకమన్ను. అది వానకు ఉబ్బును, ఎండకు క్రుంగును. 1976 నాటి అనావృష్టిలో ఇట్టి నేలలపై కట్టిన యిండ్ల గోడలు ఆ దేశమున అనేకములు బీటలు వారెను. ఓకు, విల్లో మొదలగు నీరు మెండుగా పీల్చు వృక్షములు గోడ దరి నున్నచో ముప్పు హెచ్చు. కావున పైకి సన్నముగా పోవునదియు, మితమైన వేళ్లు కలదియు కావలెను.

దారి చూపినది కుడిప్రక్క పొరుగింటి వృద్ధురాలు. ఒకనాడామె ఎఱ్ఱని జెల్లీ సీసా యొకటి చేతనిడి, తన పెరటి క్రాబు ఆపిలు కాయలతో చేసితినని చెప్పెను. క్రాబు ఆపిలనగా మనమెరిగిన ఆపిలునకు జ్ఞాతియే. కాయ రెండంగుళములు మించదు. కొన్నిటికి మన రేగుపండు పాటియే. పచ్చిగా తినబోయిన పండ్లు పులియును. కాని దానియందు జెల్లీ గట్టిపడుటకు వలయు పెక్టిను సమృద్ధిగా నుండును. కాయలను కోసి, మునుగునట్లు నీరుపోసి మెత్తగా నుడికించి, పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు వ్రేలాడదీయవలెను. మూటను పిండరాదు, పిండినచో జెల్లీ మసకబారును. దిగిన రసము ఆరువందల మిల్లీలీటరులకు 450 గ్రాముల చక్కెర చేర్చి పాకము రానిచ్చిన చాలును. మేము కొన్ని కాయల గింజలు తీసివైచి, ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపి పచ్చడి పెట్టితిమి. పుల్లమామిడికిని, ఉసిరికకును నడుమ రుచి. ఆ వృద్ధురాలు దానిని రొట్టెపై రాచుకొని తిని, కన్నీరు తుడుచుకొని, మరికొంత యడిగెను.

తరువాతి వారము విజ్లీ తోటను చూడబోయితిమి. అది 1804లో స్థాపింపబడిన రాయలు హార్టికల్చరల్ సొసైటీవారి తోట. సర్ థామస్ హన్బరీ అను నాతడు ఆ స్థలమును కొని 1903లో వారికి కానుక యిచ్చెను. ఆకులు రాలిన క్రాబు చెట్ల రెమ్మలకు పసుపు, నారింజ, ఎఱుపు కాయలు పూసలవలె వ్రేలాడుచుండెను. మబ్బు పట్టిన ఆ దినమున తోటయంతటిలో వెలుగన్నది ఆ కాయలయందే కానవచ్చెను. మా వారు అచ్చట చాలసేపు నిలిచి చూచిరి.

క్రాబులలో సన్నగా పెరుగు రకములును గలవు. జపాను దేశపు చోనోస్కీ క్రాబు శిఖరమువలె నిక్కి, శరత్కాలమున మంటవలె నెఱ్ఱబారును. సుకావా చోనోసుకే అను జపాను మూలికాన్వేషకుని పేర దానికా నామము గలిగెను. కాని అది 40 అడుగుల వరకు లేచును. అమెరికాలో పుట్టిన వాన్ ఎసెల్టైను పూవు ముద్దగులాబీవలె ముచ్చటైనది. ఆకుకు మచ్చతెగులు తగులుట దాని లోపము. చివరకు మా అమ్మాయి యెన్నుకొన్నది ఆడిరాండాకు అను రకము. అమెరికా జాతీయ వృక్షవనమున డానల్డు ఈగాల్ఫు అను శాస్త్రజ్ఞుడు దానిని రూపొందింపగా 1987లో బయటికి వచ్చెను. సుమారు 18 అడుగుల యెత్తు, 10 అడుగుల వెడల్పు; ఎఱ్ఱని మొగ్గ, తెల్లని పూవు, నారింజ ఛాయగల చిన్న కాయ. మచ్చతెగులును బాగుగా తట్టుకొనును.

2022 సంక్రాంతి వెళ్లిన తరువాతి ఆదివారము దానిని నాటితిమి. ఆకులులేని శీతకాలమున మట్టి లేకుండ వట్టి వేళ్లతోనే మొక్కల నమ్ముట అచ్చటి యలవాటు. గోయి వేళ్లంత లోతు, దానికి మూడింతల వెడల్పు ఉండవలెను. అంటుకట్టిన బొడిపె మట్టిపైననే యుండవలెను; క్రిందనుండి లేచు పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయవలెను. గోతిలో ఎరువు వేయలేదు. ఊతకఱ్ఱ కట్టి, పైన మొదలు తాకకుండ ఆకుల మన్ను పరచితిమి. మా అమ్మాయి పసుపు కుంకుమ చల్లెను. బంకమన్ను త్రవ్వినది మాత్రము మా వారు. అల్లుడు గునపము నందుకొనబోయినను ఈయలేదు.

మార్చి చివర మేము తిరిగి వచ్చితిమి. ఆ వేసవి ఆ దేశమున కనివిని యెరుగనిది. జూలై 19న లింకనుషైరులో 40.3 డిగ్రీల యెండ కాసెను. ఆ దేశపు లెక్కలలో 40 దాటుట అదే మొదలు. ఆగస్టులో రబ్బరు గొట్టములతో తోటలు తడుపరాదను నిషేధము వచ్చెను. చేతిడబ్బాతో పోయవచ్చును గనుక, మా అమ్మాయి బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు బకెట్టులో నిలువజేసి సాయంకాలము పోయుచుండెను. ఆకులంచులు మాడి, ఆగస్టులోనే సగము రాలెను. ఫోనులో ఆ రెమ్మలను చూపుచు ఆమె పలుకలేకపోయెను. “గోరుతో బెరడు గీకి చూడుము, లోపల పచ్చగా నున్నదా?” అని మా వారు అడిగిరి. పచ్చగానే యుండెను. “అట్లయిన నీళ్లు మానకుము” అనిరి. నాటినపుడు నోరు మెదపని మనిషి ఆ నెలయంతయు వారమునకు రెండుమారులు ఫోను చేసిరి.

2023 ఏప్రిలున మరల పోయితిమి. నెల చివరి దినములలో మొగ్గలు ఎఱ్ఱబారి, నాలుగవ దినమున విచ్చెను. లెక్కపెట్టగా ఇరువదియొక గుత్తులు. పొరుగింటి చెట్టునుండి తేనెటీగలు కంచె దాటి వచ్చినవి. ఆమెయు వచ్చి చూచి, ఎండ తగ్గలేదని సంతోషించెను.

ఇంటికి వచ్చినపిదప మేడగదిని సున్నము వేయించి, ఒక బడిపంతులమ్మకు అద్దెకిచ్చితిమి. ఆ సంగతి వినినప్పుడు మా అమ్మాయి కొంతసేపు మాటాడక, “నాన్నగారు సరే యన్నారా?” అని యడిగెను. అద్దె కుదిర్చినది వారే యని చెప్పితిమి.

ఆ యేడు కాసిన కాయలు పదునాలుగు. జెల్లీకి చాలవు. డిసెంబరులో ఉత్తరదేశములనుండి వలసవచ్చు రెడ్‌వింగు పక్షులు రెండు దినములలో వానిని తినిపోయెను.