నేపుల్సు నుండి మూడు దినయాత్రలు

పురాతన పట్టణములను చూడ నేగువారు తఱచుగా వాని కోటలను, దేవాలయములను మాత్రము చూచి మరలివత్తురు. దక్షిణ ఇటలీయందలి నేపుల్సు పట్టణ విషయమున అది చాలదు. దానికి తూర్పున వెసూవియసను అగ్నిపర్వతమును, పడమట చాలవఱకు నేలలోను సముద్రములోను దాగిన మఱియొక అగ్నిపర్వతమును గలవు. మేము వేసవి సెలవులలో అచ్చట బసచేసి, ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు తిరిగివచ్చునట్లు మూడు దినములలో మూడు చోట్లు చూచితిమి. ఈ జనులు ఇచ్చటనే ఏల కాపురమున్నారను ప్రశ్న ఆ మూడు దినములును మమ్ము విడువలేదు.

మొదటి దినమున రైలుబండి నెక్కి, సుమారు 15 మైళ్ల దూరముననున్న పొంపేయికి పోయితిమి. క్రీ. శ. 79వ సంవత్సరమున వెసూవియసు కురిపించిన బూడిదలో ఈ యూరు పూడిపోయెను. 1748లో త్రవ్వకములు ఆరంభమైనవి. రాతివీధులలో బండిచక్రముల జాడలు నేటికిని కనబడుచున్నవి. బూడిదలో చిక్కినవారి దేహములు నశింపగా వాని స్థానమున బోలు మిగిలెను. 1863లో ఫియొరెల్లి యను విద్వాంసుడు ఆ బోలులో ప్లాస్టరు పోయించి, వారి తుది రూపములను వెలికిదీసెను. చేతులతో ముఖము కప్పుకొని కూర్చున్న యొక రూపము నెదుట మేము మాటలేక నిలిచితిమి. 62వ సంవత్సర ప్రాంతమున గొప్ప భూకంపము ఈ యూరిని పాడుచేసెను. నాడు కూలిన గోడలను 79లోను ఇంకను బాగుచేసికొనుచుండిరి. అది హెచ్చరికయని వారెట్లెఱుగుదురు? ద్రాక్షతోటలతో పచ్చగానున్న కొండ తమ్ము చంపునని చెప్పగల శాస్త్రము ఆనాడు లేదు.

ఆ ప్రళయమును అఖాతమున కవతలనుండి 17 ఏండ్ల ప్లినీ చూచెను. మేనమామ ఓడనెక్కి అటు పోవ సిద్ధమై, రమ్మని యడుగగా, చదువు పని యున్నదని ఆ బాలుడు ఇంటనే నిలిచెను. మేనమామ మరలి రాలేదు. ప్లినీ పెద్దవాడై వ్రాసిన రెండు లేఖలే కన్నులార చూచినవాని సాక్ష్యముగా మనకు మిగిలినవి.

రెండవ దినమున హెర్క్యులేనియమునకు పోయితిమి. ఇది నేపుల్సునకు మఱింత చేరువ. ఆ నగరము సుమారు 60 అడుగుల లోతున పూడిపోయినది. దాని అంచున, పైనేలమీద, నేటి యూరి మేడలున్నవి. వానిలో ఆరవేసిన బట్టలు శిథిలములకు ఎగువ గాలికి ఊగుచుండెను. ఇచ్చటివారు చాలమంది తప్పించుకొనిరని మునుపు తలచెడివారు. కాని 1980 మొదలుకొని జరిగిన త్రవ్వకములలో, ఒడ్డున పడవలనుంచు కొట్టములలో సుమారు 300 మంది అస్థిపంజరములు కనబడెను. వారు ఓడల కొఱకు వేచియుండి మరణించిరి.

మూడవ దినమున పడమటనున్న పొజ్జువోలికి పోయితిమి. అపొస్తలుడైన పౌలు రోమాకు పోవుచు దిగిన రేవు ఇదియే. అచ్చటి ప్రాచీనపు అంగడియందు మూడు పాలరాతి స్తంభములు నిలిచియున్నవి. మనిషి తలకంటె చాల ఎత్తున, ఆల్చిప్పజాతి సముద్రజీవులు తొలిచిన రంధ్రములు వానిపై గలవు. అనగా ఈ నేల ఒకప్పుడు సముద్రములో మునిగి, మరల లేచినదన్నమాట. 1982 మొదలు 1984 వఱకు అది సుమారు 6 అడుగులు లేచెను. 2005 తరువాత మరల మెల్లగా లేవసాగెను.

ఆ వీధిలో కాఫీ అంగడి నడుపు నొక స్త్రీని, ఇచ్చట భయము లేదా యని యడిగితిమి. ఆమె తలుపు వెనుకనున్న సంచి తెఱచి చూపెను. అందు చెప్పులు, మందులు, ఇంటి కాగితములు ఉండెను. "అయ్యా, ఇది మా తల్లి పెట్టిన అంగడి. నేల కదలిన రాత్రి ఈ సంచి తీసికొని, పిల్లలతో బయటికి పోవుదును. తెల్లవారగనే వచ్చి తలుపు తీయుదును" అని తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో చెప్పెను.

గోడ బాగుచేసికొనిన పొంపేయివారును, ఈమెయు తమ నేలను విడువలేదు. కాని ఈమెకు తెలియును, వారికి తెలియదు. 1841లో స్థాపింపబడిన పరిశోధనశాల ఈ కొండను కనిపెట్టుచున్నది. మిక్కిలి అపాయకరమైన యెల్లలో సుమారు 7 లక్షలమంది యున్నారు.

ప్రియ విద్యార్థులారా, భూగోళ పాఠమున అగ్నిపర్వతపు పటము గీయునప్పుడు ఆ కొండ క్రింద ఇండ్లను కూడ గీయుడి. ఆ ఇండ్లవారి కొఱకే గదా మనము ఈ పాఠము చదువుచున్నాము.